చింతతోపులో గీసిన గుడి

ఆ రోజుల్లో నాకు లోకంలో ఏది కనబడినా దాన్ని కాస్త సవరించాలనిపించేది. ఇప్పుడు ఎదురింటివాళ్ళ గేటు వంకరగా వేలాడుతున్నా చూసీ చూడనట్టు పోతున్నాను గానీ, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, మార్కాపురంలో టీచరు ట్రైనింగు ముగించుకుని ఊరికి వచ్చిన కొత్తలో, నా కంటపడి నా సలహా తప్పించుకున్నది ఏదీ లేదు. వంటింట్లో డబ్బాలన్నిటికీ పేర్లు రాసి చీటీలు అంటించాను. (అమ్మకు చదువు రాదు. ఏ డబ్బాలో ఏముందో ఆమెకు నేను పుట్టకముందు నుంచీ తెలుసు. చీటీలు చదివి వంట చెయ్యాల్సిందేమన్నా ఉంటే అది నేను, నేనేమో వంటింటి వైపు పోయేదాన్ని కాదు.) మా గుడిలో సండేస్కూలు పిల్లలకు పాట ఎప్పుడు, ప్రార్థన ఎప్పుడు, నీళ్ళు తాగడం ఎప్పుడు అని నిమిషాలతో సహా రాసి గోడకు అతికించాను. ఊళ్ళోవాళ్ళు నన్ను చీటీల టీచరు అనేవాళ్ళు. అది మెచ్చుకోలనుకుని చాలాకాలం మురిసిపోయాను.

మాది రాచర్ల దాటి కొండల వైపు పోతే వచ్చే చిన్న ఊరు. గిద్దలూరు పోవాలంటే ఆటో నిండేదాకా కూర్చోవాలి. (మా ఆటోవాడి లెక్కలో నిండడమంటే డ్రైవరుకు చెరో పక్కా ఒకరు కూర్చున్నాక కూడా దూరంగా ఇంకొకరు చెయ్యి ఊపుతూ కనబడడం.) ఊరి చివర మా పేటలో రేకుల గుడి. ఆదివారం గంట మోగగానే అమ్మా నేనూ తెల్లచీరలు కట్టుకుని బయల్దేరేవాళ్ళం. అప్పటికే నాయన మేకల్ని తోలుకుని కొండవారకు వెళ్ళిపోయి ఉండేవాడు. మాకు ముప్పై మేకలుండేవి. వాటికి కొమ్మలు వంచి ఇవ్వాలి, వాగు దగ్గర నీళ్ళు పెట్టాలి, చేలల్లో పడకుండా కాయాలి. "ఆదివారమని మనకు తెలుసు గానీ వాటి కడుపుకేం తెలుసమ్మీ?" అనేవాడు. క్రిస్మస్ నాడు కూడా పొద్దున్నే కొత్త చొక్కా తొడుక్కుని, అద్దంలో చూసుకుని, మాసిపోతుందని విప్పి పెట్టి, పాత చొక్కాతో మేకల వెనక పోయేవాడు. భక్తి లేక కాదు. అన్నం ముందు కూర్చుంటే ఒక్క నిమిషం కళ్ళు మూసుకోనిదే ముద్ద ముట్టేవాడు కాదు.

మా గుడిలో గంట కొట్టేదీ, ఎవరు వచ్చారో రాని వాళ్ళెవరో పుస్తకంలో రాసేదీ ఒకే మనిషి. ఊరంతా ఆయన్ని గంట పెదనాయన అనేది. నియమానికి గట్టి మనిషి. ఆ ఏడు దసరా వెళ్ళాక ఒక ఆదివారం ఆరాధన చివర లేచి నిలబడి, ఏడాదంతా కలిపి ఒక్క ఆరాధనలోనైనా కూర్చోనివాళ్ళ పేర్లు కొత్త సంవత్సరం సంఘం పుస్తకంలో ఎక్కించేది లేదని ప్రకటించాడు. అందర్నీ చూస్తూనే చెప్పాడు గానీ చివర్లో ఆయన చూపు అమ్మ మీద ఆగింది. అమ్మ ఇంటికొచ్చి తెల్లచీర కూడా మార్చుకోకుండా గడపలో కూర్చుంది. "పేరు తీసేస్తే రేపు మీ నాయనకు ఏమన్నా అయితే గంట కొట్టరమ్మీ. ఎవరో దిక్కులేనోడిని తీసకపోయినట్టు తీసకపోవాల" అంది. మా పేటలో ఎవరైనా పోతే గుడిగంట ఆగి ఆగి మోగుతుంది. చేలల్లో ఉన్నవాళ్ళు పని ఆపి నిలబడి, ఎవరంట, ఎవరంట అని అడుగుతారు. ఆ గంట లేకుండా పోవడమంటే మావాళ్ళకు ఊళ్ళో అసలు బతకనట్టే లెక్క. సాయంత్రం నాయన వస్తే అమ్మ అదే చెప్పి ఏడ్చింది. "పోయినాక నాకు వినపడతాదా ఏంది?" అని నాయన కాళ్ళు కడుక్కోడానికి పోయాడు. నీకు కాదు, మాకు వినపడాలని అమ్మ గొణుక్కుంది. అది విని నా గుండె చివుక్కుమంది, దాంతోపాటే నా బుర్ర కూడా పనిచెయ్యడం మొదలుపెట్టింది.

నాయన గుడికి రాడు, సరే. గుడినే నాయన దగ్గరికి తీసుకుపోతే? అప్పుడు కార్తీకమాసం. ఊళ్ళో రైతుల ఇళ్ళవాళ్ళంతా ట్రాక్టర్లలో వనభోజనాలకు పోతున్నారు. మనమూ ఒక ఆదివారం చెట్ల కింద ఆరాధన పెట్టుకుంటే వద్దనేదెవరు? నేను ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టుకుని నాయన్ని అడిగాను, "నాయనా, మధ్యాహ్నం పూట మేకల్ని యాడ పండబెడతావు?" అని. "వాగు పక్క చింతతోపులో. పొద్దు నెత్తి మీదికొస్తే నేను తోలినా తోలకపోయినా అవే పోయి పండుకుంటాయి. ఎందుకమ్మీ?" అన్నాడు. ఊరికేనన్నాను. ఆ క్షణంలోనే నా మనసులో కార్యక్రమం నిమిషాలతో సహా తయారైపోయింది. పదిన్నరకు పాటలు, పన్నెండుకు వాక్యం, అంటే ప్రసంగం. సరిగ్గా వాక్యం మధ్యలో నాయన నడిచొస్తాడు, మెత్తబడతాడు, కూర్చుంటాడు. ఈ ఎత్తు ఎవరికీ చెప్పలేదు. నాయనకు చెబితే ఆ రోజు మేకల్ని వేరే కొండకు తోలతాడు, పెదనాయనకు చెబితే అది ఆరాధన కాదు, మేకల మంద అంటాడు. మేకల్ని మాత్రం నేను లెక్కలోకే తీసుకోలేదు.

మా పాస్టరు అయ్యగారు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. రేకుల కింద ప్రసంగం చేస్తూ తువ్వాలు పిండుకునేవాడు. చెట్లనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "చాలా బాగుందమ్మా. ప్రభువు కొండ మీదా, ఒడ్డు మీదా చెప్పాడే కానీ రేకుల కింద ఎక్కడ చెప్పాడు?" అన్నాడు. నేను వెంటనే గుడి గోడ మీద చీటీ అతికించాను. 'ప్రకృతి ఒడిలో కుటుంబ ఆరాధన. తల్లి, తండ్రి, పిల్లలు అందరూ కలిసి ఒక్కచోట కూర్చొనవలెను.' ఆ రెండో వాక్యం నా సొంత సంస్కరణ. మా గుడిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చునేది పెళ్ళినాడు ఒక్కసారే. పనిలో పనిగా దాన్ని కూడా మార్చేద్దామనుకున్నాను.

అంతా కుదిరిందనుకుంటుంటే సంఘ పెద్దల కూటంలో గంట పెదనాయన ఒక ప్రశ్న వేశాడు. "అంతా బాగుండాది గానీ, చెప్పులు యాడ విడిచేది?"

అందరూ ఉలిక్కిపడ్డారు. నిజమే. గుడిలోకి చెప్పులతో పోము. గుమ్మం బయట విడుస్తాం. తోపుకు గుమ్మమేది? ఒకాయన ఇంటి దగ్గరే విడిచిపోదామన్నాడు. (ఆయన ఇల్లు తోపుకు దగ్గర.) ఇంకొకాయన, ఎవరి చెప్పులు వాళ్ళు పక్కన పెట్టుకుని కూర్చుంటే పోదా అన్నాడు. "అది గుడా, బస్టాండా?" అన్నాడు పెదనాయన. అయ్యగారు సందేహిస్తూ, "పోనీ ఆ ఒక్కరోజుకు చెప్పులతోనే కూర్చుంటే ఏమవుతుందండి?" అన్నాడు. అందరూ ఆయన కాళ్ళ వైపు చూశారు. అయ్యగారు మంచినీళ్ళ సీసా మూత తీసి చాలాసేపు తాగాడు. చివరికి గుడి ఎక్కడ మొదలవుతుందో తెలియకపోతే ఆరాధన చేసీ లాభం లేదని, ఈ కార్యక్రమం రద్దు చేద్దామని పెదనాయన లేచాడు. అమ్మ ముఖం నా కళ్ళ ముందు మెదిలింది. "పెదనాయనా, నేను గీత గీస్తా. గీత లోపల గుడి, గీత బయట తోపు. గీత దగ్గర చెప్పులు విడవాల. లోపల ఒక్క ముల్లు లేకుండా ఊడ్పిస్తా" అన్నాను. పెదనాయన మళ్ళీ కూర్చుని, మొట్టమొదటిసారి నన్ను మెచ్చుకోలుగా చూశాడు. "మధ్యలో ఇంకో గీత గియ్యి. మగోళ్ళకొక పక్క, ఆడోళ్ళకొక పక్క" అన్నాడు. కుటుంబాలు కలిసి కూర్చోవాలి కదా అన్నాను. "కలిసే కూర్చుంటారు. మగోళ్ళు మగోళ్ళతో కలిసి, ఆడోళ్ళు ఆడోళ్ళతో కలిసి" అన్నాడు.

శనివారం సాయంత్రం సండేస్కూలు పిల్లలతో తోపంతా ఊడ్పించాను. పల్లేరుకాయలు ఒక్కొక్కటే ఏరించాను. తర్వాత మేకులు పాతి, తాడు లాగి కట్టి, ఆ తాడు వెంబడి ముగ్గుపిండితో గీత పోశాను, పెదనాయన మాట ప్రకారం మధ్యలో ఇంకొకటి. నలుమూలలా సరిగ్గా నిలబడిన గీత. ఊరి వైపు మూరెడు వదిలి గుమ్మం, గుమ్మం పక్కన కర్రకు చీటీ. 'పాదరక్షలు ఇచ్చట విడువవలెను.' ట్రైనింగులో బోర్డు మీద గీతలకు మా మేడం నాకు ఎప్పుడూ మంచి మార్కులే వేసేది గానీ, ఈ గీత ముందు అవన్నీ దిగదుడుపే. నాలుగు మూలలా నిలబడి నాలుగు విధాలుగా చూసుకున్నాను. ఇంటికి పోయాక ఇంకోసారి చూడాలనిపించి మళ్ళీ పోయి చూసొచ్చాను.

ఆదివారం పొద్దున ట్రాక్టరులో పట్టలు, బల్ల, డోలకు, వంటపాత్రలు తోపుకు చేరాయి. జనం పిల్లాజెల్లాతో సంతోషంగా నడిచొచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చుట్టూ గోడలున్నట్టే ఒక్కొక్కరుగా ఆ మూరెడు సందులోంచి లోపలికి దూరారు. పక్కన అంత ఖాళీ ఉన్నా ఒక్కరు గీత దాటలేదు. అది చూసి నా ఛాతీ పొంగింది. కుటుంబాల సంగతి మాత్రం సాగలేదు. మా మేనత్తను మామ పక్కన కూర్చోబెట్టబోతే, "పెళ్ళినాడు కూర్చున్నా గదే, ఇంక చాలు" అని విదిలించుకుని ఆడవాళ్ళ వైపు పోయి బాసింపట్టు వేసుకుంది. ఆమె వెనకే మిగతావాళ్ళూ పోయారు. అయ్యగారు జనానికి ఎదురుగా నిలబడితే ఆయన కుడిచేతి వైపు మగవాళ్ళు, ఎడమచేతి వైపు ఆడవాళ్ళు. పాటలు, ప్రార్థనలు, సాక్ష్యాలు అన్నీ నా చీటీ కంటే ఒక అరగంట ఆలస్యంగా నడిచాయి. (సాక్ష్యానికి మూడు నిమిషాలని రాశాను. మా అత్త తనకు పోయినేడు వచ్చిన జ్వరం గురించే అంతకు ఏడింతలు చెప్పింది.) చల్లగా గాలి తగులుతోంది. పసిపిల్లలు ఏడవకుండా ఆడుకుంటున్నారు. అయ్యగారికి చెమట లేదు. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి ఆయన హుషారుగా వాక్యం ఎత్తుకున్నాడు.

ప్రకృతిలో ఆరాధన కదా అని ఆయన మంద, కాపరి ఉన్న భాగం ఎంచుకున్నాడు. చివరి రోజున కాపరి గొర్రెల్ని ఒకవైపూ మేకల్ని ఒకవైపూ వేరుచేసి నిలబెడతాడు, ఆ భాగం. ఇంకా గొర్రెల దగ్గరే ఉన్నాడు. అంతలో వాగు వైపు నుంచి మేకల మెడగంటలు వినిపించాయి.

ముందుగా వచ్చిన పెద్ద మేక గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, ముక్కుతో వాసన చూసి, దాటింది. దాని వెనక మిగతావన్నీ దాటాయి. రోజూ తమకు అలవాటైన నీడ ఆ వేళకు ఆడవాళ్ళ వైపే ఉండటంతో, అవి ఆడవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని, తలా ఒకచోట చూసుకుని, ముందుకాళ్ళు మడిచి పడుకుని నెమరు వెయ్యడం మొదలుపెట్టాయి. ఒకటి సరిగ్గా బల్ల కిందే పడుకుంది. వాటి వెనక నాయన వచ్చాడు. భుజాన కంబళి, చేతిలో కొమ్మలు వంచే దోటి, కాళ్ళకు టైరు చెప్పులు. తన తోపులో తన ఊరంతా కూర్చుని ఉండటం చూసి నోరు తెరిచాడు. తర్వాత కిందికి చూశాడు, ముగ్గుగీత కనబడింది, అక్కడే ఆగిపోయాడు.

నేను రమ్మని చేత్తో సైగ చేశాను. నాయన తన చెప్పుల వైపు చూపించి తల అడ్డంగా ఊపాడు. గంట పెదనాయన లేచి, "ఏం తమ్ముడా, తోలుకో వాటిని!" అన్నాడు. "ఎట్ల తోలేదన్నా? అవి గుళ్ళో ఉండాయి. గుళ్ళోకి చెప్పులతో వచ్చేదెట్ల? చెప్పులిడిస్తే ముండ్లల్లో వాటెనక ఉరికేదెట్ల?" అన్నాడు నాయన. గీతకు అటు నాయన, ఇటు అమ్మ. మధ్యలో నేను తాడు కట్టి మరీ పోసిన గీత. గోడల మధ్యకు నాయన మేకలతో రాలేడని గోడ లేని చోటికి గుడిని తెచ్చి, ఆ గోడను నా చేతులతో నేనే కట్టానని అప్పుడు తెలిసింది. లేచి పోయి కాలితో చెరిపేస్తే అయిపోయేది. లేవబోయాను కూడా. నిజం చెప్పొద్దూ, అంత చక్కటి గీతను చెరపడానికి నాకు మనసు రాలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

అప్పుడు మా అత్త కేక పెట్టింది. "తమ్ముడూ! నీ మేకపిల్ల నా చీర తింటాంది!" పిల్లమేక ఒకటి ఆమె తెల్లచీర కొంగును జానెడు మింగి కళ్ళు మూసుకుని నములుతోంది. నాయన ఇంక ఆలోచించలేదు. టపటపా చెప్పులు విడిచి, దోటి కింద పడేసి, గీత దాటి వచ్చి మేకపిల్ల దవడ పట్టుకుని కొంగు బయటికి లాగాడు. తర్వాత మందను లేపబోయాడు. నాలుకతో చప్పుడు చేశాడు, చప్పట్లు కొట్టాడు. ఒక్క మేకా కదల్లేదు. అయ్యగారు మర్యాదగా, "పోనివ్వండి, లేపకండి. మీరూ కూర్చోండి. నాది ఇంకో అరగంటే ఉంది" అన్నాడు. పెదనాయన మాత్రం "కూర్చుంటే ఇటు మగోళ్ళ పక్క కూర్చోవాల" అన్నాడు. "నేనటొస్తే ఇవీ అటొస్తాయన్నా. నీ ఒళ్ళో పండుకుంటాయి" అన్నాడు నాయన. పెదనాయన తన తెల్లపంచె దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. నాయన అమ్మ పక్కన కాస్త ఖాళీ చూసుకుని కూర్చున్నాడు. అమ్మ కొంగు నిండా కప్పుకుని, సిగ్గుతో మూరెడు పక్కకు జరిగింది.

అయ్యగారు వాక్యం అందుకున్నాడు. గొర్రెలు అయిపోయాయి, మేకలు వచ్చాయి. గొర్రెలది కుడిచెయ్యి, మేకలది ఎడమచెయ్యి, ఎడమచేతి వైపు వాళ్ళకు శిక్ష అని ఆయన గొంతు పెంచి చెబుతుండగా నాయన లేచి నిలబడ్డాడు.

"మేకలేం చేసినాయి అయ్యగారూ?"

ఆ మేకలు ఈ మేకలు కావని, అది మనుషుల సంగతని అయ్యగారు వివరించాడు. "మనుషుల తప్పుకు మేకల పేరెందుకు పెట్టాల? గొర్రె తలొంచుకుని ముందున్నదాని వెనక పోతాది. ముందుది బాయిలో పడితే ఇదీ పడతాది. మేక తలెత్తి చూసుకుని పోతాది. చూసుకుని పోయేది తప్పా?" అన్నాడు నాయన. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. అయ్యగారు బైబిలు పేజీలు తిప్పసాగాడు. ఆలోగా మా అత్తకు ఇంకో సంగతి తట్టింది. "ఉండండుండండి. అయ్యగారి ఎడమచేతి పక్క కూర్చున్నది ఆడోళ్ళమే గదా! అంటే మేమంతా యాడికి పోయేది?" అంటూ చీర దులుపుకుని లేచి, మధ్యగీత దాటి, పోయి మామ పక్కన కూలబడి "జరుగు" అంది. అంతే. ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని, కుడిచేతి వైపుకు తరలివచ్చారు. చోటు చాలక ఎవరి మొగుడి పక్కన వాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. నేను నెల రోజులు చీటీలతో చెప్పినా కుదరని కుటుంబ ఆరాధన ఒక్క నిమిషంలో కుదిరిపోయింది. ఎడమవైపు ముప్పై మేకలు, నాయన మిగిలారు. అమ్మ మిగిలింది. అత్త చెయ్యి పట్టుకుని లాగినా అమ్మ లేవలేదు.

అయ్యగార్లకు ప్రసంగంలో ఇబ్బంది వస్తే ఒక దారి ఉంటుంది. మా అయ్యగారు ఆ దారే పట్టాడు. "ఎవరైనా ఒక మంచి పాట అందుకోండమ్మా" అన్నాడు. ఎవరూ అందుకోలేదు. మొగుళ్ళ పక్కన కూర్చున్నారేమో, ప్రతివారం రేకులు అదిరేట్టు పాడేవాళ్ళంతా సిగ్గుపడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. డోలకు కొట్టే అతను కూడా తన భార్యకూ చింతచెట్టుకూ మధ్య ఇరుక్కుని చెయ్యి ఆడించలేకపోతున్నాడు. అప్పుడు ఎడమవైపు నుంచి, మేకల మధ్యలోంచి, అమ్మ ఎత్తుకుంది. అమ్మకు పాటలన్నీ నోటికే వచ్చు. డోలకు లేదు, మైకు లేదు. సన్నటి గొంతు చెట్ల మధ్య నిలబడి, కాసేపు ఒంటరిగా సాగింది. రెండో చరణానికి అందరూ కలిశారు. నాయన అమ్మ వైపు తిరిగి చూస్తూ కూర్చున్నాడు. మందలోంచి రెండు మేకలు లేచి గీత దాటి పక్కచేలోకి పోయాయి. నాయన చూడలేదు.

ఆరాధన అయ్యాక గంట పెదనాయన పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, నాయన ముందు నిలబడ్డాడు. "నిజం చెప్పు తమ్ముడా. నువ్వు వచ్చింది ఆరాధనకా, మేకలకా?" అన్నాడు. "మేకలకే వచ్చినానన్నా" అన్నాడు నాయన. (అబద్ధం ఆడమని వెనక నుంచి నేను ఎన్ని సైగలు చేశానో దేవుడికి తెలుసు. ఆ తర్వాత క్షమాపణ కూడా అడిగాను.) పెదనాయన పెన్ను కొస కొరుకుతూ గీత వైపు చూశాడు, దాని పక్కన పడి ఉన్న టైరు చెప్పుల వైపు చూశాడు. "చెప్పులు విడిచి లోపలికొచ్చినాడు. నా కళ్ళతో చూసినా" అని తనలో తాను చెప్పుకుని, పుస్తకంలో నాయన పేరు రాశాడు. అమ్మ అక్కడే కింద కూర్చుండిపోయింది. నేను పరిగెత్తుకుంటూ పోయి నీళ్ళు తెచ్చిచ్చాను. వంటల దగ్గర అందరూ నవ్వుకుంటూ తిన్నారు, మా అత్త మామ పళ్ళెంలోంచి ముక్కలు తీసుకుని తినడం కూడా చూశాను.

సాయంత్రం ఇంటి దగ్గర నాయన మేకల్ని దొడ్లోకి తోలుతుంటే పక్కన చేరి, "ఎట్లుండాది నాయనా?" అని అడిగాను. గుడిని మోసుకొచ్చి ఆయన ముందు పెట్టాను, ఒక్క మంచి మాట రాదా అని ఆశ. నాయన దొడ్డి తడిక కట్టి, అమ్మ దగ్గర్లో లేదని చూసుకుని, "మీ అమ్మ అంత బాగా పాడతాదని నాకెవురూ చెప్పలేదే" అన్నాడు. ఇంట్లో అమ్మ గొంతు మేం విన్నదల్లా మమ్మల్ని తిట్టడానికే. ఆదివారాలు ఆమె పాడే వేళకు ఆయన కొండ అవతల ఉండేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు అదే మొదటిసారి వినడం. "నాయనా, నేను అడిగేది కార్యక్రమం గురించి" అన్నాను. "అదా? బాగుండాదిలే" అన్నాడు. నేను మూతి ముడుచుకుని లోపలికి పోయాను.

ఆ తర్వాతి వారం నుంచి ఆదివారాలు నాయన కొండవార మానేసి, గుడి వెనక బీడు భూమిలోకి మేకల్ని తోలడం మొదలుపెట్టాడు. అక్కడికి మైకు బాగా వినబడుతుంది. నా కార్యక్రమం వల్ల మా నాయన వాక్యానికి దగ్గరయ్యాడని నేను నిండు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, సంతోషంతో ఏడుస్తోందనుకున్నాను. అమ్మ ఆ రోజు నవ్వాపుకుంటోందని నాకు తెలిసేటప్పటికి నాకూ పెళ్ళయి, ఇద్దరు పిల్లలు. పాటలు అయిపోయి అయ్యగారు వాక్యం ఎత్తుకోగానే, గుడి వెనక నుంచి మేకల గంటలు కొండవైపు వెళ్ళిపోయేవట. అందరూ కళ్ళు మూసుకుని ఉండేవాళ్ళు, అమ్మ ఒక్కతే చెవి ఒగ్గి వినేది.

ఇప్పుడు మేకలు లేవు. మోకాళ్ళు సహకరించక నాయన అమ్మేశాడు. ఆదివారం గంట మోగకముందే కొత్త చొక్కా వేసుకుని గుడికి పోయి, ఆడవాళ్ళ వైపుకు దగ్గరగా స్తంభానికి ఆనుకుని కూర్చుంటాడు. మొన్న సెలవులకు పిల్లలతో పోయినప్పుడు చూశాను. పాటలు నడిచినంతసేపూ నిటారుగా ఉన్నాడు. వాక్యం మొదలైన రెండో నిమిషానికి తల ఛాతీ మీదికి వాలిపోయింది, చిన్నగా గురక కూడా. అందరూ చూస్తారేమోనని లేచి తట్టబోయాను. అవతలి వైపు నుంచి అమ్మ చూసి, వద్దని చెయ్యి ఊపింది. ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్లయితే ఊరుకునేది కాదు, తట్టి లేపేది, బహుశా ఆరాధనలో నిద్రపోరాదని ఒక చీటీ కూడా రాసి అతికించేది. నేను నవ్వుకుని, చప్పుడు కాకుండా కూర్చుండిపోయాను.